గంధకం పట్టు

దొర చేసిన పనికి దొరని చచ్చినా క్షమించకూడదని అతను పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే మొహం కడుక్కున్నంత శ్రద్ధగా అనుకుంటూ వచ్చాడు. ఇవాళ కూడా ఆసుపత్రి వరండాలో ఈ చల్లటి ఇనప బల్ల మీద కూర్చుని ఆ మాటే అనుకుందామని చూస్తున్నాడు కానీ, మాట సగంలో చేతిలోంచి తడి సబ్బులా జారిపోతోంది. దొర అంటే పరాయి దొర కాదు, సొంత తమ్ముడు. తోళ్ల కార్ఖానాలో యాసిడ్ డ్రమ్ముల దగ్గర పని, అయినా వాడు వచ్చేది ఇస్త్రీ చొక్కాలో, అందుకని తోటివాళ్లు పెట్టిన పేరు. తననేమో సున్నపాయన అంటారు. సున్నం తొట్ల దగ్గరే జుట్టు నెరిసింది, గోళ్ల చివర్లు పెళుసెక్కి చిన్న దెబ్బకే పెచ్చులూడుతుంటాయి, పెళ్లిళ్లకి వెళ్తే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. ఒకే కడుపున పుట్టి ఒకే గేటులోంచి పనికి వెళ్లే ఇద్దరిలో ఒకడు దొర ఎలా అయ్యాడో, ఒకడు సున్నం ఎలా అయ్యాడో ఆ పేర్లు పెట్టినవాళ్లెవరూ ఆలోచించలేదు. ఏడో తరగతిలో తను బడి మానేశాడు కాబట్టి వాడు పది దాకా చదివాడు, అంతే లెక్క. ఇద్దరూ కూడబెట్టి ఇంటి స్థలం కొన్నప్పుడు కాగితాలు చదవగలిగినవాడి పేరు మీద ఉంటే మంచిదని అన్నది కూడా తనే. చదవగలిగినవాడు చక్కగా చదువుకుని, ఎవడో స్నేహితుడు కొట్టు పెట్టుకుంటానంటే ఆ కాగితాలు హామీగా పెట్టేసి వచ్చాడు. అన్నకి ఒక్క మాట చెప్పలేదు. కొట్టు మునిగింది, స్నేహితుడు ఊరొదిలాడు, స్థలం చెయ్యి దాటింది. అది తెలిసిన రోజు నుంచి తను వాడితో మాట్లాడలేదు, వాడూ ఒక్కసారి వచ్చి "తప్పయింది అన్నయ్యా" అనలేదు. ఆ రెండు ముక్కలు అనుంటే చాలేమో, అనుంటే తను ఇంకా ఎక్కువ తిట్టేవాడేమో, ఏమో, అనలేదు కాబట్టి తెలియదు.

ఎదురుగా మూసిన తలుపు. తలుపుకి గుండ్రటి అద్దం, అద్దానికి లోపల తెర. మొన్న మధ్యాహ్నం నుంచి వాడు ఆ తెర వెనకాల గొంతులో గొట్టంతో పడుకుని ఉన్నాడు. ఇందాక డాక్టరమ్మ వచ్చి నిద్రమందు ఆపేశామని, గంటలో కళ్లు తెరవాలని, తెరిచాక ఏం మిగిలిందో తెలుస్తుందని చెప్పి వెళ్లింది. ఏం మిగిలిందో. పొయ్యి మీద పాలు పొంగిపోయాక గిన్నెలో చూసే ఆడవాళ్లు అనే మాట. మనిషిని అలా అంటారా? అంటారు కాబోలు, ఆవిడ రోజూ చూస్తుంది. గోడ గడియారం చప్పుడు చేయని రకం, ముల్లు జారుతుంది తప్ప టిక్కుమనదు, దాంతో గంట గడుస్తోందో లేదో చెవికి తెలియడం లేదు. ఒకావిడ తడిగుడ్డ కర్రతో నేల తుడుస్తూ వచ్చి అతని కాళ్ల దగ్గర ఆగింది. కాళ్లెత్తాడు. తుడిచి వెళ్లింది. ఫినాయిలు వాసన వస్తూ ఉండాలి, పక్కనున్నవాళ్లు ముక్కు ఎగబీలుస్తున్నారు, అతనికి మాత్రం ఏమీ రాలేదు. సున్నం తొట్లు ముక్కుని ఎప్పుడో తినేశాయి.

కార్ఖానాలో మొదటి రోజు మేస్త్రీ చెప్పింది అదే, కంపు కొడుతున్నంతసేపూ నువ్వు బతికే ఉన్నావురా, కుళ్లిన గుడ్ల కంపు ఉన్నట్టుండి ఆగిపోయిందనుకో, బాగుపడిందని నిలబడకు, పరిగెత్తు. అప్పుడు తనకి పద్నాలుగేళ్లు, నవ్వొచ్చింది. కంపు పోతే భయపడాలట, ఇదేం చోద్యం. తర్వాత తెలిసింది, ఆ గాలి చిక్కబడితే ముందు వాసన పట్టే శక్తినే చంపుతుందని, ఇంటికి కన్నం వేసేవాడు ముందు కుక్క నోరు నొక్కినట్టు. ఇంటికి వెళ్లాక తమ్ముడికి చెప్తే వాడు పడీ పడీ నవ్వాడు. ఆరేళ్లుంటాయి వాడికప్పుడు. అన్నయ్యా నీ దగ్గర కంపు, అని ముక్కు మూసుకుని, మూసుకుంటూనే వచ్చి ఒళ్లో కూర్చునేవాడు. వాడి జుట్టు రింగులు రింగులుగా ఉండేది, వేలు పెడితే వేలికి చుట్టుకునేది. ఆదివారాలు తనే పెరట్లో కూర్చోబెట్టి కత్తిరించేవాడు, ఒకసారి ఒక పక్క పొట్టిగా వచ్చి, సరిచేయబోతే ఇంకో పక్క పొట్టిగా వచ్చి, చివరికి గుండు చేయాల్సి వచ్చింది. వాడు అద్దంలో చూసుకుని ఏడవలేదు. "అన్నయ్యా, తల తేలిగ్గా ఉందిరా," అన్నాడు. అరే, అప్పట్లో రా అనేవాడు తనని, అమ్మ కొట్టి మాన్పించింది.

బల్లకి ఆ చివర వాడి కూతురు కూర్చుని ఉంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఆమె సంచి. ఈ పదకొండేళ్లలో ఇంత దగ్గరగా చూడలేదు దాన్ని, చిన్నప్పుడు చిట్టీ అని పిలిచేవాడు, ఇప్పుడు కళ్లద్దాలొచ్చాయి, విశ్వవిద్యాలయంలో ఏవో ప్రోటీన్ల మీద పరిశోధన అట. ఆ సంగతి తన భార్య చెప్పింది. అన్నదమ్ములు మాట మానేశారు కానీ ఆడవాళ్లిద్దరూ ఒక్కరోజు మానలేదు, సందు చివర పాల కొట్టు దగ్గర నిలబడి పాలు విరిగేంతసేపు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు కూడా ఇద్దరూ కలిసే కింద మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డారు. అంటే పదకొండేళ్ల నుంచి వాడింట్లో ఏం వండారో, వాడికి ఎప్పుడు జ్వరం వచ్చిందో తనకి తెలుస్తూనే ఉంది, తన సంగతులు వాడికీ తెలుస్తూనే ఉండాలి. ఇదేం పగ? పగవాళ్లెవరైనా వింటే నవ్వుతారు.

"పెదనాన్నా," అంది ఆ పిల్ల. "టీ తాగుతారా?"

"వద్దమ్మా."

ఇంకో మాట అనాలి. ఏమనాలి? బాగా చదువుతున్నావా అనాలా, ఇంత పెద్దదయ్యాక? మీ నాన్న మొన్న నన్ను పిలిచాడు తెలుసా, అనాలా? అది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. చెప్పాలంటే ముందు కాలువల సంగతి చెప్పాలి. కార్ఖానాలో రెండు కాలువలు. సున్నం తొట్ల నీళ్లు ఒకదాంట్లో, డ్రమ్ముల యాసిడ్ నీళ్లు ఒకదాంట్లో, రెండూ చివరికి కింది గుంతలోకే వెళ్తాయి, కాబట్టి ఒకటి వదిలినప్పుడు రెండోది వదలకూడదు. సున్నం నీళ్లలో సల్ఫైడు ఉంటుంది, దానికి యాసిడ్ తగిలితే ఆ కుళ్లిన గుడ్ల గాలై లేస్తుంది. అందుకే వదిలేవాడు రెండో పక్కకి కేకేయాలి, రెండో పక్కవాడు సరేనని తిరిగి కేకేయాలి. అన్ని కార్ఖానాల్లోనూ అంతే. కానీ ఈ కార్ఖానాలో రెండు పక్కలా ఉన్నది తామిద్దరూ. మాటల్లేని మనుషులు కేకలెలా వేసుకుంటారు? మొదట్లో మేస్త్రీ అటూ ఇటూ తిరిగి చెప్పేవాడు. "మీ ఇద్దరి మధ్య నేను రాయబారాలు మోస్తూ ఉంటే నా మోకాళ్లకి జీతం ఎవడిస్తాడు?" అని ఓ రోజు చేతులెత్తేశాడు. అప్పట్నుంచి గొట్టం. గోడ మీదుగా పోయే ఇనప గొట్టం మీద రెంచీతో వాడొక దెబ్బ కొడితే, వదులుతున్నా అని. తను రెండు కొడితే, ఆగు, నావి పోతున్నాయి అని. తను ఏమీ కొట్టకపోతే, సరే అని. అలా కుదిరిందని ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, దానంతటదే కుదిరింది. పదేళ్లు బాగానే నడిచింది. సరే అనడానికి కూడా ఒక దెబ్బ పెట్టుకుని ఉంటే సరిపోయేది. తనే పెట్టలేదు. వాడికి సరే అని చెప్పడం తన నోటితోనే కాదు, రెంచీతో కూడా ఇష్టం లేకపోయింది.

మొన్న తను సున్నం నీళ్లు వదిలిపెట్టి, పచ్చి తోళ్ల లారీ వచ్చిందంటే దింపించడానికి గేటు దగ్గరికి వెళ్లాడు. వాడు గొట్టం మీద ఒక దెబ్బ కొట్టాడట. జవాబు లేదు. జవాబు లేదంటే సరే కదా. ఒకసారి తొంగి చూస్తే తొట్ల దగ్గర ఎవరూ లేరని కనిపించేది, కానీ తొంగి చూస్తే మొహం మొహం ఎదురుపడుతుంది, అందుకని వాళ్లు తొంగి చూసుకోరు. వాడు డ్రమ్ము విప్పాడు. గుంతలోంచి కంపు లేచింది. డ్రమ్ముల పక్క తలుపు నాలుగడుగుల్లో ఉంది, వాడు బయటికి నడిచి ఉంటే వాడికేమీ అయ్యేది కాదు. వాడు లోపలికి పరిగెత్తాడు, సున్నం తొట్ల వైపు. మెట్లు దిగుతూ పిలిచాడు. గేటు దగ్గర తోలు భుజాన వేసుకుని ఉన్న తనకి వినిపించింది. అన్నయ్యా, అని. మొదట నమ్మలేదు, ఎవరి అన్నయ్యనో ఎవరో పిలుస్తున్నారనుకున్నాడు, ఆ గొంతు మరీ అంత మారిపోయిందా? రెండోసారి పిలిచేసరికి తోలు కింద పడేసి కదిలాడు. మూడోసారి సగంలో ఆగిపోయింది. తను కూడా దూకేవాడే, మేస్త్రీ నడుం పట్టుకుని వెనక్కి లాగాడు, "ఒకడు చాలడా?" అని అరిచాడు, ముసుగులు తగిలించుకున్న ఇద్దరు కుర్రాళ్లు దిగి వాణ్ణి మోసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా సున్నంలో తడిసి ఉంది. లేని మనిషిని వెతుక్కుంటూ ఎవడు దిగమన్నాడురా నిన్ను? చవట. చదువుకున్న చవట. స్థలం పోగొట్టినవాడివి, పోగొట్టి ఊరుకోవచ్చు కదా, ఇప్పుడిదొకటి నా నెత్తిన పెట్టాలా?

"ఆ గాలి ఏం చేస్తుందమ్మా లోపల?" అన్నాడు ఉన్నట్టుండి. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

ఆ పిల్ల సంచి తీసి ఒళ్లో పెట్టుకుని ఆ ఖాళీలోకి జరిగింది. "మీ తొట్లో బొచ్చు ఎందుకు ఊడుతుందో తెలుసా పెదనాన్నా?"

"సల్ఫైడు తింటుంది."

"తినదు, విడదీస్తుంది. ప్రోటీన్ అంటే మడతలు మడతలుగా ఉన్న దారం అనుకోండి. ఆ మడత చెదరకుండా అక్కడక్కడా రెండు గంధకాలు చేతులు పట్టుకుని ఉంటాయి. జుట్టులో ఆ చేతులు ఎక్కువ, రింగుల జుట్టుకి ఆ రింగులు నిలిచేది కూడా వాటి పట్టు వల్లే. సల్ఫైడు వెళ్లి ఆ చేతులు విడిపిస్తుంది. అంతే, జావైపోతుంది."

"మరి తోలు కరగదే?"

"తోలులో ప్రోటీన్‌కి ఆ చేతులు దాదాపు లేవు."

ఇన్నేళ్లు చేసిన పని. తెల్లారి తొట్లోంచి తోలు పైకి లాగితే బొచ్చంతా బురదలా జారి, నున్నటి తోలు చేతికొచ్చేది. అది చూసినప్పుడల్లా పనైపోయిందని సంతోషించాడు తప్ప, అక్కడ లక్ష చేతులు ఒకదాన్నొకటి వదిలేశాయని ఎవరూ చెప్పలేదు. పట్టుకున్నవి కరిగిపోతాయి, పట్టుకోనిది నిలుస్తుంది. అంటే తను తోలన్నమాట. ఏం నిలిచి ఏం లాభం, చెప్పులు కుట్టడానికి. వాడి రింగుల జుట్టు గుర్తొచ్చి వేలు దానంతటదే ఒళ్లో గుండ్రంగా తిరిగింది. పిల్ల చూస్తుందేమోనని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నాన్నకి జరిగింది అది కాదు పెదనాన్నా," అంటోంది ఆమె. "మనం పీల్చిన గాలిని లోపల కణాల్లో చివరగా అందుకునే ప్రోటీన్ ఒకటుంది. దాంట్లో ఇనుమూ రాగీ ఉంటాయి. గాలి వచ్చి అక్కడ కూర్చోవాలి. ఈ గ్యాసు ముందే వెళ్లి కూర్చుంటుంది."

"పీట లాక్కుంటుందన్నమాట."

"అవును. ఊపిరి తీసుకుంటూనే ఉంటారు, లోపలికి మాత్రం అందదు."

"మరి లేవదా అది? అక్కడే తిష్ట వేస్తుందా?"

"లేస్తుంది. అది అంటుకుపోయే రకం కాదు. గాలి బాగా పెడితే దిగిపోతుంది, దిగిపోయే ఉంటుంది ఈపాటికి. అది కూర్చున్న కాస్త సేపట్లో మెదడు ఎంత ఆకలి పడిందన్నదే..." ఆమె అక్కడ ఆగి కళ్లద్దాలు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా కొంగుతో తుడుచుకుంది. వాళ్ల నాన్న ముక్కు. అమ్మ ముక్కు అది, ముగ్గురికీ అదే, తనకి తప్ప.

అతనికి ఏం చేయాలో తెలియలేదు. చిన్నప్పుడైతే ఎత్తుకునేవాడు. "ఛ, ఛ," అన్నాడు. "వాడికేం కాదు. మీ నాన్న మొండిఘటం. చిన్నప్పుడు మూడుసార్లు చెట్టు మీంచి పడ్డాడు, మూడుసార్లూ చెట్టుకే దెబ్బ తగిలింది."

ఆమె నవ్వబోయి, సగం నవ్వింది. "మీకో సంగతి చెప్పనా? ఆ గ్యాసు మన ఒంట్లోనూ ఉంటుంది."

"ఏంటీ, ఆ కంపా?"

"ఆ కంపే. చిటికెడులో చిటికెడు. ఒళ్లే తయారు చేసుకుంటుంది. రక్తనాళాలు సడలడానికి కావాలి, మెదడుకి కావాలి."

"అయితే మీ నాన్నలో కాస్త ఎక్కువే ఉండి ఉంటుంది."

"పెదనాన్నా!" ఈసారి పూర్తిగా నవ్వింది, ఎదురు బల్ల మీది ముసలాయన తలెత్తి చూశాడు. "నేను చేసే పని దాని మీదే. ప్రోటీన్‌లో ఒంటరి గంధకాలు కొన్ని ఉంటాయి, ఎవరి చెయ్యీ పట్టుకోనివి. వాటికి తుప్పు పడుతుంది, ఇనుముకి పట్టినట్టే, బాగా పడితే ఇంక ఆ ప్రోటీన్ దేనికీ పనికిరాదు. ఈ గ్యాసు ఆ గంధకం మీద ఇంకో గంధకాన్ని తొడుగులా పెడుతుంది. తుప్పేదో ఆ తొడుగుకి పడుతుంది. తర్వాత తొడుగు తీసేసుకోవచ్చు. కింద ఉన్నది ఎలా ఉన్నది అలాగే ఉంటుంది."

"ఎన్నాళ్లయినా?"

ఆమె ఆలోచించింది. "అంత ఎక్కువ కాలం చూడలేదండీ మేము. గంటలు. మహా అయితే ఒకరోజు."

గంటలట. అతను తలూపాడు. వాడు మెట్లు దిగుతూ పిలిచిన పిలుపు మళ్లీ వినిపించింది, దాంట్లో ఎక్కడా తుప్పు లేదు, అదే గొంతు, గుండు చేయించుకుని అద్దంలో చూసుకున్నవాడి గొంతు. అన్నేళ్లు ఎక్కడ దాచాడు? తన దగ్గరా ఉండే ఉంటుంది కదా, తమ్ముడూ అనే మాట, కోపం కింద ఎక్కడో. ఇదిగో ఇలా తలుపు తెరుచుకుంటే, వాడు కళ్లు తెరిస్తే, ముందు ఏమనాలో అతను సిద్ధం చేసుకోసాగాడు. పాతది, రోజూ పొద్దున్నే అనుకునేది, కంఠతా వచ్చినది అనకూడదు, రోగి కదా. కొన్నాళ్లాగి వాడు కోలుకున్నాక, అప్పుడు కూర్చోబెట్టి అడగాలి. ఎందుకు చెప్పలేదురా నాకు? స్థలం పోతే పోయింది, పోతుందని ముందే ఎందుకు చెప్పలేదు? వాడు అప్పుడు అంటాడు, తప్పయింది అన్నయ్యా అని. అనాలి. తను అనిపిస్తాడు. లోపల వాడికి ఏమైనా పర్వాలేదు, కాలు పోయినా చెయ్యి పోయినా తను మోస్తాడు, ఆ మాట అనగలిగే నోరూ, ఆ సంగతి తెలిసిన బుర్రా మిగిలితే చాలు. ఇంత స్వార్థమేంటి? స్వార్థమే. ఆ మాట అనగలిగినవాడు లోకంలో వాడొక్కడే.

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి అటూ ఇటూ చూసింది. "అన్నయ్య ఎవరండీ? ఆయన అన్నయ్య కావాలంటున్నారు."

పిల్లే చెయ్యి పట్టుకుని లేపింది. గోళ్లు వెనక్కి దాచుకోవడానికి వీలు లేకుండా గట్టిగా పట్టుకుంది.

లోపల అన్నీ నీలం తెరలు. గొంతులో గొట్టం తీసేశారు, మొహం వాచి ఉంది, తల మీద జుట్టు నెరిసి పలచబడింది, దగ్గరగా చూసి ఎన్నేళ్లయింది, రింగులేవీ లేవు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు మెల్లగా వచ్చి అతని మీద ఆగాయి, ఆగి, ఏ జంకూ లేకుండా అక్కడే ఉన్నాయి. దొర పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అలా చూడలేదు, దారిలో ఎదురైతే నేల చూసుకునేవాడు.

"ఏంటన్నయ్యా, ఇంత ముసలాడివైపోయావు?" అన్నాడు. గొంతు గీసుకుపోయి ఉంది.

"నీ వల్లే," అన్నాడు అతను. నోటికొచ్చింది అదే.

"నీళ్లు..." తమ్ముడి చూపు పక్కకి తిరిగి కూతురి మీద పడింది, పడి దాటిపోయింది. "నర్సమ్మా, కొంచెం నీళ్లు ఇస్తారా?"

పిల్ల కదల్లేదు. తర్వాత కదిలింది. గ్లాసులో చెంచా వేసి, ఒక్కో చెంచా నీళ్లు పెదాల మధ్య పోసింది, ఒక్క బొట్టు గడ్డం మీద పడలేదు. డాక్టరమ్మ వెనక నుంచి తగ్గు గొంతుతో చెప్తోంది, గడిచిన కొన్నేళ్లు ఆయనకి మసకబారి ఉంటాయని, మెల్లగా రావచ్చని, కొంత రాకపోనూ వచ్చని, కంగారుపెట్టే మాటలు ఇప్పుడే చెప్పొద్దని.

"ఆదివారం తాడూ గూటాలూ నువ్వు తెస్తావా, నన్ను తెమ్మంటావా?" అన్నాడు తమ్ముడు.

"దేనికిరా?"

"పునాది గీతలు గీయాలిగా. తాపీమేస్త్రీ పొద్దున్నే వస్తానన్నాడు." ఊపిరి తీసుకున్నాడు. "నీకు తూర్పు గది. చెప్పానా? తొట్ల దగ్గర రోజంతా చీకటే కదా నీకు, పొద్దున లేవగానే ఎండ పడాలి. మీ వదినకి... కాదు, నీ మరదలికి చెప్పేశాను."

మంచం ఇనప కమ్మీ చల్లగా ఉంది. అతను దాన్ని పట్టుకున్నాడు. తూర్పు గది. ఆ సంగతి తనకి ఎవరూ చెప్పలేదు. వాడు చెప్పేలోపే స్థలం పోయి ఉంటుంది. పదకొండేళ్లు తను తిట్టుకున్న మనిషి ఈ మంచం మీద లేడు. ఉన్నది అంతకు ముందటివాడు, ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివాడు, ఆదివారం కోసం చూస్తున్నవాడు. వీణ్ణి ఏమని అడగాలి? వీడేం చేశాడని తప్పయిందంటాడు? రేపో, నెలకో వాడికి అంతా గుర్తొస్తే మళ్లీ నేల చూపులు మొదలవుతాయి. రాకపోతే ఆ మాట ఇక ఎవరి నోటా రాదు, తను ఒక్కడే మోయాలి ఆ సంగతంతా, తనతో పాటు అది కూడా పోతుంది. పిల్ల గ్లాసు పట్టుకుని అతని వైపే చూస్తోంది. చెప్పొద్దని కాదు, చెప్పమని కాదు. ఆమెకీ ఆ మంచం మీద నాన్న లేడు.

"నేనే తెస్తాలే," అన్నాడు. "నువ్వు ముందు లే."

"ఎనిమిది గూటాలు సరిపోతాయా?"

"పది తెస్తా."

తమ్ముడి కళ్లు మూతలు పడుతున్నాయి, మళ్లీ తెరుస్తున్నాడు, ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా నుదురు ముడుచుకున్నాడు. "అన్నయ్యా, బుర్ర పనిచేయట్లేదేంటి... మొత్తం ఎంత మన స్థలం?"

అతను వంగి, వాడి నుదుటి మీది ముడతని బొటనవేలితో సాఫు చేశాడు. ఎక్కడ గీసుకుంటుందోనని పెళుసు గోరు తగలకుండా వేలు పక్కకి వంచి పెట్టాడు.

"నూట డెబ్బై ఆరు గజాలు," అన్నాడు.